మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఈఆర్‌పీ: ఒక స్టోర్స్ మనిషి రివ్యూ

ముందే చెబుతున్నా, సాఫ్ట్‌వేర్ పేరు రాయను. ఇంకా వాళ్ల ఏఎంసీలోనే (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) ఉన్నాం. రేపు ఏదైనా ఆగిపోతే ఫోన్ చేయాల్సింది వాళ్లకే. మా సైజు ఫ్యాక్టరీలకు అమ్మే ఈఆర్‌పీల్లో, అంటే అన్ని డిపార్ట్‌మెంట్ల లెక్కలూ ఒకే చోట పెట్టే సాఫ్ట్‌వేర్లలో, ఒకటి అనుకోండి. 22 లాగిన్లు. లైసెన్సు, ట్రైనింగ్, సర్వర్ అన్నీ కలిపి 14 లక్షలు దాటింది. 2025 ఏప్రిల్ 1న మొదలుపెట్టాం.

నేను జీడిమెట్లలో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. పంతొమ్మిదేళ్లయింది. మందుల కంపెనీలు మా కస్టమర్లు, క్రాఫ్ట్ పేపర్ మిల్లులు మా సప్లయర్లు. మధ్యలో సేల్స్, పర్చేజ్, స్టోర్స్, ప్రొడక్షన్, క్వాలిటీ, అకౌంట్స్. వీడియోల్లో ఈ సాఫ్ట్‌వేర్ల గురించి చెప్పేవాళ్లంతా డ్యాష్‌బోర్డులో రంగుల దగ్గరే ఆగిపోతారు. ఆరు డిపార్ట్‌మెంట్ల మధ్య గొడవలు తగ్గాయా, మిల్లుతో మాట పడటం తగ్గిందా అన్నది ఒక్కరూ చెప్పరు. నాకు తెలిసింది అదే కాబట్టి అదే రాస్తున్నా.

ఇంతకుముందు ఎలా ఉండేదంటే, అకౌంట్స్‌లో ట్యాలీ, నా దగ్గర ఎక్సెల్, గేటులో నోటు పుస్తకం, మిగతా అంతా వాట్సాప్ గ్రూపు. ఏ రెండు లెక్కలూ కలిసేవి కావు. నెలాఖరున అకౌంట్స్ సార్ నా టేబుల్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటే ఆ రోజు లంచ్ మూడింటికే.

మొదట పెద్ద దెబ్బ తగిలింది జూన్‌లో.

సేల్స్ సార్ ఒక కస్టమర్‌కి 12,000 పెట్టెలు వారంలో ఇస్తానని ఒప్పుకున్నారు. ఐదు పొరల పెట్టె. పై పొరకు 150 జీఎస్ఎం (చదరపు మీటరు బరువు, గ్రాముల్లో), 20 బీఎఫ్ (పగలకుండా తట్టుకునే బలం) కాగితం కావాలి. సిస్టమ్‌లో చూస్తే ఆ కాగితం 4,180 కిలోలు ఉంది. పచ్చ రంగులో ఉంది కూడా. ఇక అడగడానికేముంది, ఆర్డర్ కన్‌ఫర్మ్ చేసేశారు. జాబ్ కార్డు ప్రొడక్షన్‌కి వెళ్లింది, ప్రొడక్షన్ నుంచి ఇండెంట్ (సరుకు అడిగే చీటీ) నాకొచ్చింది. నేను గోడౌన్‌లోకి వెళ్లి చూస్తే 120 సెంటీమీటర్ల డెకిల్ (రీలు వెడల్పు) ఉన్న రీళ్లు రెండే రెండు. మిగతావన్నీ 95. పైగా అందులో పదకొండు సగం వాడి పక్కన పెట్టినవి. ఆ పెట్టెకు 95 పనికిరాదు. కిలోల లెక్కలో అబద్ధం లేదు, కాగితమూ ఎక్కడికీ పోలేదు, పెట్టెలు మాత్రం తయారుకావు.

పాత రోజుల్లో అయితే సేల్స్ సార్ నాకు ఫోన్ చేసేవారు. "అన్నా, 150 ఉందా?" అని. నేను "ఉంది సార్, కానీ 120 లేదు" అనేవాణ్ని. ఆ "కానీ" మీదే మా ఫ్యాక్టరీ ఇన్నేళ్లు నడిచింది. కొత్త సిస్టమ్ వచ్చాక ఫోన్ చేయాల్సిన పని లేకుండా పోయింది, దాంతో "కానీ" కూడా పోయింది. ఆ ఆర్డర్ నాలుగు రోజులు లేటైంది. మీటింగులో అందరూ స్క్రీన్ చూపించి నా వైపే చూశారు.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది అని పూర్తిగా అనలేను. ఐటమ్ మాస్టర్ (సిస్టమ్‌లో సరుకుల పట్టిక) తయారుచేసేటప్పుడు వాళ్ల కన్సల్టెంట్ కుర్రాడు జీఎస్ఎం, బీఎఫ్ అడిగాడు, డెకిల్ అడగలేదు. చెప్పడానికి నేను ఆ మీటింగులో లేను. స్టోర్స్ తరఫున పర్చేజ్ మేడమ్ కూర్చున్నారు. కాగితం కొనే మనిషికి కిలోలే లెక్క, రేటు కిలోకే కదా. వాడే మనిషికి వెడల్పు లెక్క. ఇద్దరి కాగితమూ ఒకటే, చూసే చూపు వేరు. ఇద్దర్నీ కూర్చోబెట్టకుండా మాస్టర్ కట్టేశారు.

తర్వాత సరిచేశారు. ఇప్పుడు ప్రతి రీలుకూ బార్‌కోడ్ స్టిక్కర్ ఉంది, వెడల్పు, బరువుతో సహా. అయితే సగం వాడిన రీలు తిరిగి వచ్చినప్పుడు మళ్లీ తూకం వేయాలి. నైట్ షిఫ్ట్ ఆపరేటర్ మొదటి రోజే చెప్పేశాడు: "కాటా దాకా తోసుకుపోవాలంటే ఇద్దరు మనుషులు కావాలన్నా, రాత్రి ఉన్నదే ముగ్గురం." నెల రోజులు ఆ తూకం ఎవరూ వేయలేదు. స్టాకు మళ్లీ తప్పు. చివరికి దారి చూపింది కూడా ఆ ఆపరేటరే. రీలు మీద కాగితం మందం స్కేలుతో కొలిస్తే ఎన్ని కిలోలు మిగిలిందో చెప్పే పట్టిక ఒకటి వేసి, మిషన్ పక్కన అంటించాం. ఆ అంకె ఫోన్‌లో కొడితే సరిపోతుంది. పది, పదిహేను కిలోలు అటూ ఇటూ ఉంటుంది, ఫరవాలేదు. 14 లక్షల సిస్టమ్ ఆ ఎ4 కాగితం మీద నిలబడి ఉంది.

ఇప్పుడు మిల్లుల సంగతి. బయటివాళ్లతో లావాదేవీ ఎలా మారిందో చూడాలంటే మా గేటు దగ్గర నిలబడాలి.

ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం నాలుగున్నరకు గుజరాత్‌లోని వాపి మిల్లు నుంచి లోడు వచ్చింది. పీవో (కొనుగోలు ఆర్డర్) 15,000 కిలోలకు. వచ్చింది 15,640. కాగితం మిల్లులకు ఇది మామూలే. రీలును కత్తితో కోసి తూకం సరిచేయలేరు కదా, నాలుగైదు శాతం అటూ ఇటూ వస్తుంది. సిస్టమ్‌లో మాత్రం 2 శాతం దాటితే గేటు ఎంట్రీ పడదు. ఆ 2 ఎవరు పెట్టారని అడిగితే, ఇంతకుముందు వేరే ఫ్యాక్టరీకి పెట్టిందే ఇక్కడా ఉంచారట. అక్కడ బోల్టులు లెక్కపెడతారేమో.

పీవో సవరించే అధికారం పర్చేజ్ మేడమ్‌ది ఒక్కరిదే. ఆమె నిజామాబాద్‌లో పెళ్లిలో ఉన్నారు, ఫోన్ ఎత్తడం లేదు. పాత పద్ధతిలో అయితే నేను నోటు పుస్తకంలో రాసి, డ్రైవర్‌తో సంతకం పెట్టించుకుని ఐదున్నరకల్లా దించేసేవాణ్ని. ఇప్పుడు గేటులో కుర్రాడు "సార్, ఎర్రగా వస్తోంది" అంటాడు. డ్రైవర్ ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్‌టీ అనుమతి పత్రం) తీసి చూపించాడు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఇచ్చే గడువు అది. వాళ్లకు ఆదివారం అర్ధరాత్రితో అయిపోతోంది. అతని టెన్షన్ అతనిది. గోడ పక్కన స్టవ్ వెలిగించి రొట్టెలు చేసుకున్నాడు, మాకూ పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం మేడమ్ పెళ్లి నుంచే ఫోన్‌లో అప్రూవ్ చేశారు. లోడు దిగింది. సోమవారం మిల్లు వాళ్ల మేనేజర్ ఫోన్ చేసి మా ఎండీ గారితో, హాల్టింగ్ ఛార్జీ (లారీ ఆగినందుకు కట్టేది) సంగతి కాదు, పదిహేనేళ్లుగా సరుకు పంపుతున్న మమ్మల్ని గేటు బయట నిలబెట్టారు అన్నాడట. ఆ మాటతో గేటు ఎంట్రీలో ఆ 2 శాతం పరిమితి కాగితానికి 5 శాతం అయింది. స్టోర్స్‌కి కూడా తాత్కాలిక అనుమతి ఇచ్చే బటన్ వచ్చింది, కారణం రాస్తే చాలు.

ఇదే మిల్లుతో ఇంకో వైపు చూస్తే నాకు ఈ సిస్టమ్ మీద గౌరవం కూడా ఉంది. తూకం తేడా గొడవ ఇదివరకు ప్రతి లోడుకూ ఉండేది. వాళ్ల కాటాలో ఒకటి, మా కాటాలో ఇంకొకటి. 60 కిలోలు తక్కువైతే మా అకౌంట్స్ వాళ్లు చెప్పకుండా పేమెంట్‌లో కోసేసేవారు. మూడు నెలల తర్వాత మిల్లు వాళ్లకు లెడ్జర్ కలవక నాకు ఫోన్. నాకేమో గుర్తుండదు. ఇప్పుడు పీవోలో రేటు, జీఆర్‌ఎన్‌లో (సరుకు అందినట్టు రాసే చీటీ) బరువు, బిల్లులో మొత్తం, ఈ మూడూ కలిస్తేనే బిల్లు పాసవుతుంది. తేడా ఉంటే డెబిట్ నోటు (ఎంత కోస్తున్నామో చెప్పే చీటీ) అదే రోజు కాటా చీటీ ఫొటోతో మిల్లుకు మెయిల్ వెళ్తుంది. ఒప్పుకోకపోతే వాళ్లూ అదే వారం చెబుతారు. కోత ఆగలేదు, దాచి కోయడం ఆగింది. మిల్లు వాళ్లకు కావాల్సిందీ అదే.

అకౌంట్స్‌తో నాకున్న పాత పేచీ కూడా చల్లబడింది. ప్రతి నెలా 14న జీఎస్‌టీఆర్-2బీ (సప్లయర్లు మన పేరున చూపిన బిల్లుల జాబితా) వస్తుంది. మిల్లు 30వ తేదీన బిల్లు కొట్టి పంపితే లారీ మా దగ్గరికి నాలుగో తేదీకి వస్తుంది. బిల్లు ఆ నెల 2బీలో కనబడుతుంది, సరుకు వచ్చింది మాత్రం తర్వాతి నెలలో. సరుకు చేతికి అందకుండా ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని మనం కట్టే పన్నులో తగ్గించుకోవడం) తీసుకోకూడదు. దీని కోసం అకౌంట్స్ సార్ ఒక్కో బిల్లుకూ ఒక్కో ఫోన్ చేసేవారు. ఇప్పుడు "బిల్లు వచ్చింది, సరుకు రాలేదు" అని ఒక రిపోర్టు ఉంది. దాని కోసం మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు దండం పెట్టొచ్చు.

జీఎస్‌టీ రేట్లు మారినప్పుడు కూడా పనికొచ్చింది. 2024 జులైలో పెట్టెల మీద 18 నుంచి 12కి తగ్గినప్పుడు మా దగ్గర మూడు ఎక్సెల్ ఫైళ్లుండేవి. సేల్స్ వాళ్ల కొటేషన్ షీటులో వారం పాటు 18 అలాగే ఉండిపోయింది. 2025 సెప్టెంబర్ 22న మళ్లీ మారింది, పెట్టెలు 12 నుంచి 5కి, మేం కొనే క్రాఫ్ట్ పేపర్ 12 నుంచి 18కి. ముందు రోజు ఎంగిలిపూల బతుకమ్మ. ఆడవాళ్లంతా సెలవు. అకౌంట్స్ సార్ ఒక్కరే ఇంట్లో కూర్చుని హెచ్‌ఎస్‌ఎన్ మాస్టర్‌లో (సరుకుల పన్ను కోడ్ల పట్టిక) రేటు మార్చారు, సోమవారం పొద్దున అందరికీ మారిపోయింది. (18 కట్టి కొని 5కి అమ్మితే క్రెడిట్ ఇరుక్కుపోవడం వేరే కథ. దానికి ఏ సాఫ్ట్‌వేరూ మందు వేయదు.)

మనది మారితే సరిపోదని మాత్రం అదే వారం తెలిసింది. కస్టమర్ పీవోలో 12 శాతం అని ఉంటే మా 5 శాతం బిల్లును వాళ్ల పోర్టల్ తిప్పికొట్టింది. వాళ్ల పర్చేజ్ వాళ్లు పీవో సవరించే దాకా మా లోడు ఇక్కడే. మన సిస్టమ్ కరెక్టు, వాళ్ల సిస్టమ్ కూడా కరెక్టే, లారీ కదలదు.

కస్టమర్ పోర్టళ్ల దగ్గరే నాకు అసలు విసుగు. ప్రభుత్వం ఈ-ఇన్‌వాయిస్‌కి దేశమంతటికీ ఒకే ఫార్మాట్ పెట్టింది. మా సిస్టమ్‌లో బటన్ నొక్కితే క్షణాల్లో ఐఆర్‌ఎన్ (బిల్లు గుర్తింపు నంబర్), క్యూఆర్ కోడ్ వచ్చేస్తాయి. అదే బిల్లును నలుగురు కస్టమర్ల నాలుగు పోర్టళ్లలో చేత్తో కొట్టాలి. లారీ బయలుదేరేముందే వివరాలు ఎక్కించాలి, లేకపోతే వాళ్ల గేటు తెరుచుకోదు. ఒక పోర్టల్‌లో క్వాలిటీ సర్టిఫికెట్ పీడీఎఫ్‌గానే పెట్టాలి, ఇంకోదాంట్లో బర్స్టింగ్ టెస్టు అంకెలు గడుల్లో నింపాలి. మా డిస్పాచ్‌లో ఒక అమ్మాయికి రోజంతా ఇదే పని. కలిపే కనెక్షన్ కావాలంటే మా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒక్కో కస్టమర్‌కి 90,000 అడిగారు. ఎండీ గారు ఆ అమ్మాయి జీతంతో పోల్చి చూసి ఫైలు మూసేశారు.

పోర్టల్ వల్ల ఒక లాభం లేకపోలేదు. మా సరుకును వాళ్లు ఏ తేదీన తీసుకున్నారో అందులో కనబడుతుంది. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వకుండా ఏడాది కూడా దాటిస్తే కొన్నవాళ్ల ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలోంచి తీసేసే ఆదాయపు పన్ను నిబంధన వచ్చాక, ఆ తేదీ మా సేల్స్ సార్ చేతిలో మంచి ఆయుధమైంది. "సరుకు ఎప్పుడొచ్చిందో చూడాలండీ" అనే మాట ఇప్పుడు వినబడటం లేదు.

ఇంక చిన్నచిన్నవి. స్పీడు ఫరవాలేదు, నెలాఖరున మాత్రం పాకుతుంది. సపోర్టు వాళ్లు మర్యాదస్తులే, కానీ ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ డెకిల్ అంటే ఏమిటో మొదట్నుంచి చెప్పాలి. రిమార్క్స్ గడిలో 50 అక్షరాలే పడతాయి. నా "కానీ"లన్నీ ఇప్పుడు అక్కడే రాస్తున్నా, రిపోర్టులో ఆ గడి ప్రింటు కాదు. అడిగితే తర్వాతి వెర్షన్‌లో అన్నారు. అందుకే సేల్స్ సార్ పెద్ద ఆర్డర్ అయితే మళ్లీ నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఆ ఫోన్ వల్ల నా పని పెరిగిందని నేనెవరితోనూ అనలేదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. మిల్లులతో లెక్క తేలడానికి ఒకటిన్నర, అకౌంట్స్‌తో సంధి కుదిరినందుకు ఒకటి, జీఎస్‌టీకి ఒకటి. కస్టమర్ పోర్టళ్ల కనెక్షన్‌కి సున్నా. ఇంకో అర ఇచ్చేవాణ్నే, లోడింగ్ స్లిప్ దగ్గర కోసేశాను. మా లోడింగ్ మనుషులకు ఇంగ్లిష్ రాదు, ఏ పెట్టె ఏ లారీలోకో తెలుగులో ఇవ్వమని అడిగాం. పేర్లన్నీ తెలుగులో టైపు చేసి ఎక్కించాం కూడా. స్క్రీన్ మీద చక్కగా కనబడ్డాయి. ప్రింటు తీస్తే అక్షరానికో చతురస్రం, లైను పొడవునా ఖాళీ డబ్బాలు. లోడింగ్ మేస్త్రీ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "పెట్టెలు ఎన్ని ఎక్కించాలో గీసి ఇచ్చారా సార్?" అన్నాడు. ఆ టికెట్ పెట్టి ఏడు నెలలైంది, ఇంకా ఓపెన్‌లోనే ఉంది.