ఆరు పంటలు వాడాక: మిల్లు కాటా మీద కొత్త సాఫ్ట్‌వేర్

మండపేట దగ్గర మా బావగారి రైస్ మిల్లులో 2023 దాళ్వా (రబీ పంట) నుంచి ఒక ఆన్‌లైన్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. కాటా, ధాన్యం కొనుగోలు, బియ్యం, తవుడు, నూకల అమ్మకం, జీఎస్టీ అన్నీ అందులోనే. ఇప్పటికి మూడు దాళ్వాలు, మూడు సార్వాలు (ఖరీఫ్ పంటలు) అయ్యాయి. కంపెనీ పేరు రాయడం లేదు. మరో రెండు కంపెనీల వాళ్ళు వచ్చి డెమో చూపించినప్పుడు కూడా ఇవే జబ్బులు కనిపించాయి, కాబట్టి ఒక్కరి పేరు పెట్టి లాభం లేదు. మిల్లుకో, రొయ్యల షెడ్డుకో, కొబ్బరి కొట్టుకో ఇలాంటిది పెట్టించుకుందామనుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదివితే చాలు.

నేను ఎటు మొగ్గుతానో ముందే చెప్పడం ధర్మం. 1992లో కాకినాడలో పాస్కల్, సీ అనే ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకుని ఈ పనిలోకి వచ్చాను. ఇదే మిల్లుకి 1995లో ఫాక్స్‌ప్రో 2.6లో (డాస్ మీద నడిచే డేటాబేస్ భాష) ప్రోగ్రామ్ రాసింది నేనే. అది 28 ఏళ్ళు నడిచింది. దాన్ని తీసేసి కొత్తది పెట్టమని బావగారికి చెప్పిందీ నేనే.

కాటా దగ్గర మొదలుపెడతాను. మిల్లులో తొందరంతా అక్కడే ఉంటుంది. ఏప్రిల్ నెలాఖరు, దాళ్వా కోతలు, సాయంత్రానికి ఆకాశం నల్లబడుతోంది. గేటు నుంచి కాలువగట్టు దాకా ట్రాక్టర్లు బారుతీరి ఉంటాయి. ఒక్కోటీ కాటా ఎక్కుతుంది, లోడు బరువు తీస్తారు. ధాన్యం దింపాక ఖాళీ బండి బరువు తీస్తారు. ఆ తేడాలోంచి తేమ చూసి తరుగు తీసి, మిగిలినదాన్ని 75 కిలోల బస్తాల్లోకి మార్చి రైతు చేతికి చీటీ ఇవ్వాలి. పాత ప్రోగ్రామ్‌లో గుమస్తాగారు రైతు పేరులో మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కేవారు. బండి నంబర్ కొట్టేవారు. ఎఫ్5 నొక్కితే బరువు వచ్చేది, ఎఫ్10 నొక్కితే చీటీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లోంచి గరగరమంటూ వచ్చేది. ఆయన స్క్రీన్ వైపు చూసేవారు కాదు. కళ్ళు కిటికీలోంచి బండి మీద ఉండేవి, చక్రాలన్నీ కాటా మీదే ఉన్నాయా, డ్రైవర్ దిగాడా లేదా అని. చూడాల్సింది కూడా అదే.

బరువు కంప్యూటర్‌లోకి ఎలా వచ్చేదో చెప్పాలి, ఎందుకంటే నా బాధంతా అక్కడే ఉంది. కాటా ఇండికేటర్ వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంటుంది. అందులోంచి బరువు అంకెలు వరసగా వస్తూనే ఉంటాయి. గదిలోకి పది అడుగుల వైరు లాగి, ఆ అంకెల్ని చదివి ఫైల్లో పెట్టడానికి టర్బో సీలో నలభై లైన్లు రాశాను. పనంతా అంతే.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ వైరు చివర ఒక యూఎస్‌బీ కన్వర్టర్. దానికో సహాయక అప్లికేషన్. ఆ అప్లికేషన్ లోపల పూర్తిస్థాయి బ్రౌజర్ ఒకటి ఉంటుంది, అంటే పది అంకెలు చదవడానికి ఒక బ్రౌజర్ మొత్తాన్ని మెమరీలోకి ఎక్కిస్తారు. అది చదివిన బరువు ఇంటర్నెట్ మీద కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. అక్కడ నుంచి తిరిగి గుమస్తాగారి ముందున్న ఇంకో బ్రౌజర్‌లోకి వస్తుంది. కిటికీ బయట నిలబడ్డ ట్రాక్టర్ బరువు ఊళ్ళు దాటి వెళ్ళొచ్చి టేబుల్ మీద కనపడుతుంది.

2024 దాళ్వాలో ఒక సాయంత్రం గాలికి చెట్టుకొమ్మ విరిగి నెట్ కేబుల్ తెగింది. కరెంటు ఉంది, కాటా పనిచేస్తోంది, ప్రింటర్ పనిచేస్తోంది. ఇండికేటర్ మీద ఎర్రంకెల్లో 6340 వెలుగుతోంది. స్క్రీన్ మీద మాత్రం చక్రం తిరుగుతోంది.

"ఏంటండీ మాస్టారూ ఇదీ, బరువు కళ్ళెదురుగా కనపడుతోందండి, ఇందులోకి రావట్లేదండి" అన్నారు గుమస్తాగారు. కిటికీ దగ్గర నిలబడ్డ రైతు అడిగిన మాట నేను మర్చిపోలేను: "నెట్టు లేకపోతే నా ధాన్యం బరువు ఉండదాండీ?"

ఆ రాత్రి 31 లోళ్ళకి చేత్తో చీటీలు రాశాం. నెట్ వచ్చాక రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని అన్నీ ఎక్కించాం. రెండు బండి నంబర్లు తారుమారయ్యాయి, పొద్దున్నే ఇద్దరు రైతులు మిల్లు గేటు దగ్గర గొడవపడ్డారు. కంపెనీకి ఫోన్ చేస్తే, నెట్ లేకుండా పనిచేసే సదుపాయం పై ప్లాన్‌లో ఉందన్నారు. నెట్ లేకుండా పనిచేయడం అనేది 1995లో విడిగా పేరు పెట్టాల్సిన గుణమే కాదు.

రెండోది లెక్క. దీన్ని నేనింకా క్షమించలేకపోతున్నాను. మన దగ్గర ధాన్యం ధర బస్తాకి మాట్లాడుకుంటాం, ప్రభుత్వం క్వింటాకి ప్రకటిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ రెండూ కాకుండా కిలో ధరని దాచుకుంటుంది, అదీ రెండు దశాంశాల దాకానే. 2024-25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటా 2300. బస్తాకి 1725 అయితే కిలోకి సరిగ్గా 23 రూపాయలు. ఆ లెక్కన కొన్నంత కాలం ఏ తేడా రాలేదు, మేమూ గమనించలేదు. తర్వాత ఒక లోడు బస్తా 1700 చొప్పున బేరం కుదిరింది. 1700ని 75తో భాగిస్తే 22.666 అని తెగకుండా పోతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని 22.67 చేసుకుంది. మళ్ళీ 75తో గుణిస్తే 1700 రూపాయల పావలా. 40 బస్తాలకి 68,000 రావాల్సింది చీటీలో 68,010 వచ్చింది.

ఎక్కువొచ్చింది కదా అని ఎవరైనా ఊరుకోవచ్చు. ఆ రైతు ఊరుకోలేదు. నలభై పదిహేడులు ఎంతో ఆయనకి నోటికి వచ్చు. "మీ మిషను లెక్క తప్పుతోందండి, ఇంతకుముందు చీటీలు కూడా చూడండి" అన్నారు. వెనక్కి వెళ్ళి చూస్తే, పైకి సవరించినచోట ఎక్కువగా, కిందకి సవరించినచోట తక్కువగా, చాలా చీటీల్లో ఐదూ పదీ తేడాలున్నాయి. తక్కువ పడ్డవాళ్ళందరికీ బావగారు పిలిచి ఇచ్చారు. కంపెనీకి రాస్తే యూనిట్ మాస్టర్‌లో కన్వర్షన్ పెట్టుకోమన్నారు, ధరల పట్టిక వేరే తయారుచేసుకోమన్నారు, రౌండింగ్ సెట్టింగ్ ఒకటుందన్నారు. నాలుగు తెరల్లో పదకొండు సెట్టింగులు మార్చాక మొత్తం సరిపోతుంది కానీ చీటీ మీద కిలో ధర 22.67 అనే పడుతుంది. బస్తా ధరని బస్తా ధరగా దాచుకుంటే ఇంత పని లేదు. ఇది రాసినవాళ్ళు ఒక్కసారి ఏ మిల్లు కాటా దగ్గరైనా గంటసేపు నిలబడి ఉంటే చాలు, బస్తా అంటే ఏమిటో తెలిసేది.

మిగతావి త్వరగా చెప్తాను. అప్‌డేట్లు చెప్పకుండా వస్తాయి. సరిగ్గా కోతల మధ్యలో ఒక పొద్దున సేవ్ బటన్ కుడివైపు నుంచి పైకి వెళ్ళిపోయింది, అది ఉండే చోటికి రద్దు బటన్ వచ్చింది. పాతికేళ్ళు వేళ్ళతో గుర్తుపెట్టుకుని పనిచేసిన మనిషి మూడు చీటీలు పోగొట్టుకున్నారు. ఓటీపీ ఓనరు ఫోన్‌కే వస్తుంది. బావగారు ద్రాక్షారామం గుడిలోనో, పెళ్ళిలోనో ఉంటే కాటా ఆగుతుంది. తెర తెరవగానే కొత్త సదుపాయాల ప్రకటన ఒకటి అడ్డం వస్తుంది, దాన్ని మూస్తేనే పని. ఒకసారి లోపల ఏం జరుగుతోందో చూద్దామని బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్ తెరిచాను. చీటీ పేజీ ఒక్కదానికే 9 ఎంబీ దాకా దిగింది. గ్రాఫులు గీసేది, మ్యాపులు చూపేది, చాట్ పెట్టె, ఎవరు ఎక్కడ నొక్కారో లెక్కపెట్టేది, అన్నీ వచ్చాయి. చీటీలో గ్రాఫూ లేదు, మ్యాపూ లేదు. మా పాత ప్రోగ్రామ్ మొత్తం 1.44 ఎంబీ ఫ్లాపీ ఒక్కదానిలో ఇమిడి ఇంకా చోటు మిగిలేది.

పాస్కల్ భాష తయారుచేసిన నిక్లాస్ విర్త్ ఈ మాట 1995లోనే రాశారు. యంత్రాలు ఎంత వేగం పెరిగినా సాఫ్ట్‌వేర్ అంతకంటే త్వరగా బరువెక్కి ఆ లాభాన్ని తినేస్తోందని ఆయన ఆవేదన. మాటలతో సరిపెట్టలేదు, అప్పటికే ఇంకొకరితో కలిసి ఒబెరాన్ అనే సిస్టమ్‌ని చిన్నగా, ఒక మనిషి బుర్రలో పట్టేంతగా కట్టి చూపించారు. 2024 జనవరి 1న ఆయన పోయారని తెలిసిన రోజు నా పాత నోటు పుస్తకాలు తీసి చూసుకున్నాను. ఆయన భాషతోనే నేను మొదటి ప్రోగ్రామ్ రాశాను.

2016 మార్చిలో జరిగిన లెఫ్ట్‌ప్యాడ్ సంగతి ఈ పనిలో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అంకెకో మాటకో ఎడమవైపు ఖాళీలు నింపే 11 లైన్ల కోడ్. రాసినాయన దాన్ని ఎన్‌పీఎం (ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే ఆన్‌లైన్ భండారం) నుంచి వెనక్కి తీసుకునేసరికి ఎక్కడెక్కడివో వేల ప్రాజెక్టులు తయారవడం ఆగిపోయాయి. చీటీ మీద బరువులు ఒకదాని కింద ఒకటి కుడివైపు సరిగ్గా నిలబడాలంటే కావలసింది ఆ పనే. ఫాక్స్‌ప్రోలో దానికి పీఏడీఎల్ అనే ఫంక్షన్ భాషతో పాటే వచ్చేది. అంత చిన్న పనికి కూడా ఊరూపేరూ తెలియనివాళ్ళ కోడ్ మీద ఆధారపడి, ఆ కోడ్ మళ్ళీ ఇంకొకరి మీద ఆధారపడి, చివరికి ఏది ఎందుకు ఆగిందో రాసినవాళ్ళకే తెలియని స్థితి వచ్చింది. కంపెనీ కుర్రాళ్ళని నేను తప్పుపట్టను. ఫోన్ ఎత్తినవాళ్ళు ఓపికగా మాట్లాడారు. కానీ మా కాటా సమస్య ఏ భాగంలో ఉందో కనుక్కోవడానికి వాళ్ళకి పన్నెండు రోజులు పట్టింది.

బాగున్నవి కూడా చెప్పాలి. జీఎస్టీ భాగం నిజంగా బాగుంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం పన్ను వచ్చింది, అప్పటి నుంచే బజార్లో 26 కిలోల బస్తాలు కనపడుతున్నాయి. ఇలాంటి మార్పుల్ని ఈ సాఫ్ట్‌వేర్ తనే చూసుకుంటుంది. సరుకు రవాణాకి కావలసిన ఈ-వే బిల్లు లారీ లోడయ్యేలోపు వచ్చేస్తుంది. బావగారు ఎక్కడున్నా ఫోన్‌లో స్టాకు చూసుకుంటారు. ఆడిటర్‌గారికి ఫైళ్ళు మోసుకెళ్ళే పని తప్పింది. ఇవన్నీ నేను ఒక్కడినీ ఫాక్స్‌ప్రోలో చేసి ఉండేవాడిని కాదు.

పాతదాన్ని ఎందుకు తీసేశామో కూడా దాచను. ఫాక్స్‌ప్రోని 1992లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, చివరి విజువల్ ఫాక్స్‌ప్రోకి 2015 జనవరితో మద్దతు ఆగిపోయింది. 64 బిట్ల విండోస్ మీద డాస్ ప్రోగ్రామ్ నేరుగా నడవదు, పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ పెట్టి నెట్టుకొచ్చాం. పని మధ్యలో కరెంటు పోతే పేర్లు వెతికిపెట్టే ఇండెక్స్ ఫైల్ పాడయ్యేది, దాన్ని మళ్ళీ తయారుచేసేదాకా (రీఇండెక్స్) పేర్లు దొరికేవి కావు. అన్నిటికంటే పెద్ద లోపం, దాని గుట్టు నాకొక్కడికే తెలుసు. నాకు జ్వరమొస్తే మిల్లుకి టెన్షన్. బావగారు ఆ మాట మెల్లగా అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు.

అయినా ఒక్క విషయంలో పాతదే గొప్పది. 1996 నవంబర్ 6 తుపాను ఈ వైపు వాళ్ళెవరూ మర్చిపోరు. మిల్లు షెడ్డు రేకులు లేచిపోయాయి, కంప్యూటర్ నీళ్ళలో నానింది. రెండు ఫ్లాపీలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇనప్పెట్టెలో పెట్టి ఉన్నాయి. కరెంటు వచ్చాక రాజమండ్రి నుంచి వేరే మిషన్ తెచ్చి, ఆ ఫ్లాపీలు ఎక్కిస్తే సార్వా లెక్కలు పైసాతో సహా ఉన్నాయి. పంట పోయిన రైతులకి మిల్లు ఎంత బాకీ ఉందో ఆ లెక్కలు చూసే ఇచ్చాం. ఆ డీబీఎఫ్ ఫైళ్ళని (ఫాక్స్‌ప్రో లెక్కలు దాచుకునే రూపం) మొన్న లిబ్రాఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను, తెరుచుకున్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌ని మా మూడేళ్ళ లెడ్జర్ ఇమ్మంటే పీడీఎఫ్‌లు ఇచ్చింది, అవీ నెలకొకటి చొప్పున. లెక్కచేసుకోవడానికి వీలుండే రూపంలో కావాలంటే కంపెనీకి టికెట్, అంటే రాతపూర్వక అభ్యర్థన, పెట్టాలన్నారు. పెట్టాను. వచ్చిన ఫైల్లో కాటా బరువులు లేవు, మొత్తాలే ఉన్నాయి.

ఆ రోజే నిర్ణయం తీసుకున్నాం. 2025 సార్వాకి ముందు కాటా కోసం విడిగా చిన్న ప్రోగ్రామ్ రాశాను. పైథాన్ భాష, ఎస్క్యూలైట్ డేటాబేస్. ఎస్క్యూలైట్ 2000 సంవత్సరం నుంచి ఉంది, లెక్కలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, ఎవరి సర్వరూ అక్కర్లేదు. బస్తా ధర బస్తా ధరగానే ఉంటుంది. మొత్తం ఆరు వందల లైన్లు, ప్రతి భాగం పైనా ఎందుకు రాశానో తెలుగులో రాసి పెట్టాను. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సగం వాడితోనే రాయించాను. రాత్రి గేటు మూశాక ఆ రోజు మొత్తాలు ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కుతాయి, జీఎస్టీ పని అక్కడ జరుగుతుంది.

రేటింగ్ అడిగితే జీఎస్టీకి ఐదుకి నాలుగు, కాటాకి ఒకటి. మార్చి రెన్యువల్‌లో కాటా మాడ్యూల్ తీసేసి మిగతా ప్లాన్‌కే కడుతున్నాం. గుమస్తాగారు మొదటి రోజు అడిగింది ఒక్కటే, "ఎఫ్5 అలాగే ఉంచారాండీ?" అని. ఉంచాను. మొన్న సార్వాలో ఒక మధ్యాహ్నం నెట్ రెండు గంటలు పోయింది, గేటు దగ్గర ఏ బండీ ఆగలేదు.