‘ప్రిక్లూడ్’ కోసం ఏ నిఘంటువు తెరవాలి? నాలుగు ఉచిత డిక్షనరీల బేరీజు

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసమే తయారైన నిఘంటువుల్లో ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, కాలిన్స్ కోబిల్డ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాడుక మాటలకు ఏది తెరిచినా పని జరిగిపోతుంది. ఒప్పంద పత్రాల్లో, ఆఫీసు ఉత్తరాల్లో తప్ప బయట పెద్దగా వినిపించని క్రియల దగ్గరే వీటి అసలు తేడా బయటపడుతుంది. అందుకే ఇక్కడ పరీక్షకు ఒక్క మాటే పెట్టాం: ప్రిక్లూడ్.

ముందుగా, మామూలు ఇంగ్లీషు-తెలుగు పట్టికలతో వచ్చే చిక్కు. ‘అడ్డుకొను, నివారించు’ అని అర్థం చదివి ఊరుకుంటే ‘ది పోలీస్ ప్రిక్లూడెడ్ ది థీఫ్’ అని రాసేస్తాం. వ్యాకరణం చూస్తే కర్త, క్రియ, కర్మ అన్నీ ఉన్నాయి. కానీ ఇంగ్లీషులో అలా ఎవరూ రాయరు. ఈ క్రియకు కర్త సాధారణంగా మనిషి కాదు. ఒక నిబంధన, ఒప్పందం, సమయం లేకపోవడం, అనారోగ్యం, ఇలాంటివే కర్తలు. పైగా ఇది చెయ్యి పట్టుకుని ఆపడం కాదు, ఆ పని జరిగే వీలే లేకుండా పోవడం. లాటిన్‌లో దీని మూలానికి ‘మూసివేయడం’ అని అర్థం. ఎక్స్‌క్లూడ్, ఇన్‌క్లూడ్ కూడా ఆ ఇంటివే. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది ‘ఆస్కారం లేకుండా చేయు’.

ఈ కర్త సంగతిని అందరికంటే బాగా పట్టించేది కోబిల్డ్. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో తయారై 1987లో వచ్చిన ఈ నిఘంటువు అర్థాన్ని ముక్కలుగా కాక పూర్తి వాక్యంగా చెబుతుంది. ప్రిక్లూడ్ దగ్గర ఆ వాక్యం ‘ఇఫ్ సంథింగ్’ అని మొదలవుతుంది, ‘ఇఫ్ సంబడీ’ అని కాదు. పాఠం సగం ఆ రెండు మాటల్లోనే ఉంది. లోపమల్లా పేజీ అమరికది. కాలిన్స్ సైట్‌లో ఒకే మాట కింద కోబిల్డ్ వివరణ, బ్రిటిష్ నిఘంటువు, అమెరికన్ నిఘంటువు వరసగా పేర్చి ఉంటాయి. కొత్తవాళ్లు కిందకు జారి, నేర్చుకునేవాళ్ల కోసం రాయని వివరణలో చిక్కుకుంటారు. పైన ఉన్నది చదివి ఆగిపోవడం మంచిది.

క్రియ తర్వాత ఏం రావాలో తెలియాలంటే ఆక్స్‌ఫర్డ్‌కు రావాలి. ఆ నిఘంటువుకు మూలపురుషుడైన ఎ.ఎస్. హార్న్‌బీ క్రియల వాడుకను 25 నమూనాలుగా విడగొట్టినవాడు. ఆ పట్టింపు ఇప్పటికీ పోలేదు. ఉదాహరణల పైన ముద్ద అక్షరాల్లో ‘ప్రిక్లూడ్ సంథింగ్’, ‘ప్రిక్లూడ్ సంబడీ ఫ్రమ్ డూయింగ్ సంథింగ్’ అని విడివిడిగా కనిపిస్తాయి. ‘ఫ్రమ్’ లేని రూపాన్ని కూడా చూపిస్తుంది గానీ, రాసేటప్పుడు ‘ఫ్రమ్’ ఉంచుకుంటేనే క్షేమం. ‘టు’ ఎక్కడా లేదన్నది గమనించాలి. ‘హాజరు కావడానికి వీల్లేదు’ అని తెలుగులో అనుకుంటాం కాబట్టి ఆ ‘డానికి’ మనల్ని ‘ప్రిక్లూడెడ్ టు అటెండ్’ వైపు లాగుతుంది. సరైనది ‘ప్రిక్లూడెడ్ ఫ్రమ్ అటెండింగ్’.

లాంగ్‌మన్ 1978 నుంచి సుమారు 2,000 తేలిక మాటలతోనే అర్థాలు రాస్తోంది. మామూలుగా అదే దాని బలం. ఈ మాట దగ్గర అదే బలహీనత. ‘ప్రివెంట్’, ‘ఇంపాసిబుల్’ అనే మాటలతో సరిపెట్టేసరికి ప్రివెంట్‌కూ దీనికీ తేడా లేదనిపిస్తుంది. టీకా వ్యాధిని ప్రివెంట్ చేస్తుంది; అక్కడ ప్రిక్లూడ్ పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. కేంబ్రిడ్జ్ వివరణా అంతంతమాత్రమే, అయితే ఉదాహరణలు ఒప్పందాల్లాంటి అసలు సందర్భాల నుంచి ఉంటాయి. ఉచ్చారణకు ఆక్స్‌ఫర్డ్ అయినా కేంబ్రిడ్జ్ అయినా సరే. స్పీకరు బొమ్మ నొక్కి వినండి: మొదటి అక్షరం పొట్టి ‘ప్రి’, దీర్ఘం కాదు. ఒత్తు ‘క్లూడ్’ మీద పడాలి.

ఈ నాలుగూ తగినంత గట్టిగా హెచ్చరించని ఉచ్చు ఒకటుంది. ఈ క్రియలోనే ‘కాదు’ దాగి ఉంది. దాని ముందు ఇంకో ‘నాట్’ గానీ ‘నథింగ్’ గానీ వస్తే అర్థం తిరగబడుతుంది. ఒప్పందాల్లో తరచూ ఇలాంటి వాక్యం కనిపిస్తుంది: ‘నథింగ్ ఇన్ దిస్ అగ్రిమెంట్ షల్ ప్రిక్లూడ్ ఈదర్ పార్టీ ఫ్రమ్ అప్రోచింగ్ ది కోర్ట్.’ వాక్యం మొదట్లో ఉన్న ‘నథింగ్’ చివరికొచ్చేసరికి మరుపున పడి, కోర్టుకు వెళ్లకూడదని చదువుకునేవాళ్లున్నారు. అసలు అర్థం: ఈ ఒప్పందంలోని ఏ మాటా ఎవరినీ కోర్టుకు వెళ్లకుండా ఆపదు, అంటే వెళ్లొచ్చు. ‘డస్ నాట్ ప్రిక్లూడ్’ చూసినప్పుడల్లా ‘ఆస్కారం ఉంది’ అని మార్చుకుని చదివితే పొరపాటు జరగదు. ‘చేయమంది’ అని మాత్రం అనుకోకూడదు. అది తలుపు తెరిచి ఉంచడమే, లోపలికి పిలవడం కాదు.

కాబట్టి మా ఓటు ఒక్కదానికి కాదు, రెండింటికి. ముందు కోబిల్డ్‌లో కర్త ఏమిటో చూడండి, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో నమూనాలు చూడండి. వెంటనే మూడు వాక్యాలు సొంతంగా రాయండి: నామవాచకంతో ఒకటి, ‘ఫ్రమ్’తో ఒకటి, ‘డస్ నాట్’తో ఒకటి. మూడింటిలోనూ కర్త స్థానంలో మనిషి పేరు వచ్చిందేమో వెతకండి. వస్తే ఆ వాక్యానికి ‘ప్రివెంట్’ లేదా ‘స్టాప్’ చాలు. ఇక స్నేహితుడికి పంపే మెసేజ్‌లో ఈ మాట వద్దు. నాలుగు నిఘంటువుల్లోనూ దీని పక్కన ‘ఫార్మల్’ అన్న గుర్తు ఉన్నది అందుకే.