సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్: డిగ్రీ విద్యార్థుల చేతికందే బి మేసాన్లు

జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల తన ప్రయోగాల సమాచారాన్ని 2014 నుంచి ఈ పోర్టల్ ద్వారా అందరికీ ఉచితంగా అందిస్తోంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో డిగ్రీ విద్యార్థుల చేత ప్రాజెక్టు పనికి దీనిని వాడిస్తున్నాను కనుక, గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్ల నుంచి వచ్చి సైన్సు చదువుతున్న పిల్లలనూ, వారికి పాఠం చెప్పేవారినీ దృష్టిలో పెట్టుకొని ఈ సమీక్ష రాస్తున్నాను.

మేము ఎంచుకున్నది సెర్న్‌లో బి మేసాన్లను పరిశీలించే ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం 2011లో సేకరించిన సమాచారంలో ఒక భాగం. విద్యుదావేశం గల బి మేసాన్ (బాటమ్ క్వార్కు ఉండి, పుట్టిన వెంటనే విడిపోయే కణం) మూడు హాడ్రాన్లుగా, అంటే క్వార్కులతో ఏర్పడిన కణాలుగా, విడిపోయిన ఘటనల కోసం ఏరి పెట్టిన ఈ సంకలనంలో 85 లక్షలకు పైగా నమోదులు ఉన్నాయి. వాటిలో అధిక భాగం తాలే, అంటే మనకు అక్కరలేని ఘటనలే. మూడు కేయాన్లుగా (ఒక రకం హాడ్రాన్లుగా) క్షయం కావడం లక్ష బి మేసాన్లలో మూడింటికి మించి పెద్దగా జరగదు కాబట్టి, గింజను చెరిగి తీసే పని విద్యార్థిదే.

ఈ ఫైళ్లలో నాకు బాగా నచ్చిన సంగతి, బి మేసాన్ ద్రవ్యరాశిని ఎక్కడా రాసి ఇవ్వకపోవడం. ఒక్కొక్క కణానికి మూడు దిశల ద్రవ్యవేగం, ఆవేశం, అది కేయాన్ అయ్యే సంభావ్యత, పయాన్ (కేయాన్ కన్నా తేలికైన హాడ్రాన్) అయ్యే సంభావ్యత, మ్యూయానా (ఎలక్ట్రాన్ లాంటిదే కాని దానికన్నా బరువైన కణం) కాదా అన్న గుర్తు వంటి వివరాలే ఉంటాయి. కేయాన్ ద్రవ్యరాశిని 493.7 ఎంఈవీగా (కణాల ద్రవ్యరాశికి వాడే ప్రమాణం) తీసుకొని, మూడు కణాల శక్తులను, ద్రవ్యవేగాలను కూడి విద్యార్థి స్వయంగా లెక్క కట్టాలి. మొదటి హిస్టోగ్రామ్‌లో చెప్పుకోదగ్గ ఆకారమేమీ కనబడదు. మ్యూయాన్ గుర్తు ఉన్నవాటిని తీసేసి, కేయాన్ సంభావ్యత హద్దును కొద్దికొద్దిగా పెంచుతూ పోతే 5280 ఎంఈవీ దగ్గర శిఖరం తేలుతుంది. హద్దును మరీ పెంచితే శిఖరమూ కరిగిపోతుంది. ఎక్కడ ఆగాలో నల్లబల్ల మీద చెప్పి నేర్పగలిగేది కాదు.

సమాచారం రెండు ఫైళ్లుగా, అయస్కాంత క్షేత్రం పైకి ఉన్నప్పటిదీ కిందికి ఉన్నప్పటిదీ విడివిడిగా, ఉంటుంది. ధన, రుణ కణాలు చెరొక వైపుకు వంగుతాయి కాబట్టి, పరికరంలో ఎడమ కుడి భాగాల పనితీరులో ఏ కొంచెం తేడా ఉన్నా అది పదార్థానికీ ప్రతిపదార్థానికీ (అదే ద్రవ్యరాశితో వ్యతిరేక ఆవేశం గల కణాలకు) మధ్య తేడాలా భ్రమింపజేస్తుంది. మనం చివరకు వెతికేది ధన, రుణ బి మేసాన్ల క్షయాల మధ్య తేడాను, అది కొద్ది శాతమే గనుక ఈ జాగ్రత్త తప్పనిసరి.

లోపాల మాటకొస్తే, వివరణలన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన పిల్లలకు మొదటి వారం నేను పక్కన కూర్చోక తప్పలేదు. ఇక్కడి ఇంటర్నెట్ తీరుకు పెద్ద ఫైళ్లు దిగడమూ ఓపికతో కూడిన పనే, అయితే అది పోర్టల్ తప్పు కాదు.

అసలు పరిమితి వేరే ఉంది. బి-ఎస్ మేసాన్ (ఆవేశం లేని మరో రకం బి మేసాన్) రెండు మ్యూయాన్లుగా విడిపోవడం వంద కోట్లలో మూడు నాలుగు సార్లే జరుగుతుంది. దానిని స్థిరంగా చూశామని 2015లో ప్రకటించడానికి సెర్న్‌లోని మరో ప్రయోగమైన సీఎంఎస్, ఎల్‌హెచ్‌సీబీ బృందాలు తమ సమాచారాన్ని కలపవలసి వచ్చింది. అటువంటి క్షయాలను ఈ చిన్న సంకలనంలో వెతకడం వృథా. ఎల్‌హెచ్‌సీబీ 2022 చివర విడుదల చేసిన మొదటి విడత సుమారు 200 టెరాబైట్లు, మన కళాశాలల కంప్యూటర్లకు అందనిది. పైగా, బి మేసాన్ల మ్యూయాన్, ఎలక్ట్రాన్ క్షయాల నిష్పత్తిలో (సిద్ధాంతం ప్రకారం అది దాదాపు ఒకటి) 2021లో ఎల్‌హెచ్‌సీబీకి కనబడిన తేడా, ఇతర కణాలను ఎలక్ట్రాన్లుగా పొరబడటాన్ని మరింత కట్టుదిట్టంగా లెక్కలోకి తీసుకున్నాక, 2022 డిసెంబరులో అదే బృందం చేతిలో చెరిగిపోయింది. పరికరాన్ని కట్టినవారికే ఇంత కష్టమైనచోట, బయటివారు కొత్త భౌతికశాస్త్రం కనిపెట్టాలని దిగడం అత్యాశ.

ప్రాజెక్టు పనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను, అరుదైన క్షయాల పరిశోధనకు రెండు. మొదలుపెట్టేవారు ముందుగా అనుకరణ ఫైలును (కంప్యూటర్‌లో సృష్టించిన ఘటనలది) దించుకోవాలి. అందులో తాలు ఉండదు కనుక, ద్రవ్యరాశి లెక్క సరిగా కట్టారో లేదో వెంటనే తెలుస్తుంది.