ఖరీదైన బ్రాండ్ కంప్యూటరా, చవకదా: ఏది మేలు?

ఒకే ప్రాసెసర్, ఒకే మెమరీ, ఒకే స్టోరేజి ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి రెండో దానికి రెట్టింపు ధర పలుకుతుంటే, ఆ ఎక్కువ డబ్బంతా పేరుకే పోతోందని చాలామందికి అనిపిస్తుంది. ఆ అనుమానం నిరాధారమైనదేమీ కాదు. ప్రాసెసర్ రెండింటిలోనూ చాలావరకు ఇంటెల్‌దో ఏఎండీదో అయి ఉంటుంది. మెమరీ చిప్‌లు ఎక్కువగా శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ సంస్థల నుంచే వస్తాయి. తైవాన్‌కు చెందిన క్వాంటా వంటి తయారీ సంస్థలు పరస్పరం పోటీపడే బ్రాండ్లకు యంత్రాలు చేసి ఇస్తుంటాయి. అయినప్పటికీ ధరలోని తేడా మొత్తం పేరుది కాదు. అందులో పెద్ద భాగం, ప్రకటనల్లోని వివరాల పట్టికకు ఎక్కని చోట్ల ఖర్చవుతుంది.

మూతను బాడీకి కలిపే హింజ్‌నే తీసుకుందాం. చాలా చవక ల్యాప్‌టాప్‌లలో హింజ్ స్క్రూలు, ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి ముక్కల్లోకి బిగించి ఉంటాయి. కొన్నాళ్లకు హింజ్ బిగుసుకుపోతే మూత తెరిచిన ప్రతిసారీ ఒత్తిడి ఆ ప్లాస్టిక్ మీదే పడి, చివరికి ఇత్తడి ముక్క చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సహా ఊడివస్తుంది. లోపల ప్రాసెసర్ నిక్షేపంగా ఉన్నా యంత్రం మూలన పడుతుంది. లోహపు బాడీకి ఈ ముప్పు చాలా తక్కువ. తెర సంగతీ అంతే: చవక రకాల్లో వెలుగు 250 నిట్ల (తెర వెలుగుకు కొలమానం) దగ్గర ఆగిపోవడం, తెరలకు ప్రామాణికమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో 60 శాతం చిల్లర మాత్రమే చూపడం మామూలు. ఫొటోలు దిద్దేవారికి అది పనికిరాదు. రోజంతా అక్షరాలు చదివేవారికి కళ్ల శ్రమ. ఇక ఫ్యాన్, ప్రాసెసర్ వేడిని బయటికి మోసే హీట్ పైపు నాసిరకానివైతే ప్రాసెసర్ కొద్ది నిమిషాలు చురుగ్గా పనిచేసి, వేడెక్కగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ప్రాసెసర్ పేరు ఒకటే అయినా పని ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

అయితే ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన అన్నీ మేలే అనుకోవడం పొరపాటు. 2015 నుంచి 2019 వరకు ఆపిల్ మ్యాక్‌బుక్‌లలో వాడిన బటర్‌ఫ్లై అనే పలుచని కీబోర్డు కొద్దిపాటి దుమ్ముకే మొరాయించేది. చివరకు ఆ సంస్థే ఉచిత మరమ్మతు పథకం ప్రకటించాల్సి వచ్చింది. నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం, మెమరీని మార్చడానికి వీల్లేకుండా బోర్డుకే సోల్డర్ చేయడం (అతికించేయడం). 2020లో వచ్చిన ఆపిల్ సొంత ఎం1 చిప్ వేగంలోనూ బ్యాటరీ ఆదాలోనూ నిజంగా గొప్ప ముందడుగు. ఆ చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఫ్యాన్ అవసరమే లేకపోయింది. కానీ దాని ప్రారంభ రకంలో మెమరీ 8 జీబీ మాత్రమే, తరువాత పెంచుకునే దారి లేదు. 2024లో గానీ ఆపిల్ ఎయిర్ ప్రారంభ మెమరీని 16 జీబీకి పెంచలేదు. మెమరీ స్లాట్లున్న చవక ల్యాప్‌టాప్‌లో అదే లోటును ఒక స్క్రూడ్రైవర్‌తో పూడ్చుకోవచ్చు.

డెస్క్‌టాప్ విషయంలో ఇంత చర్చ అక్కరలేదు. అక్కడ హింజ్ లేదు, బ్యాటరీ లేదు, గాలికి చోటుంది. భాగాలు విడిగా కొని కూర్చుకున్నదే చాలామందికి మేలు.

నా దృష్టిలో చూడవలసింది బ్రాండ్‌ను కాదు, ఆ బ్రాండ్‌లోని శ్రేణిని. లెనోవోలోనే ఇంటి వాడకానికి చేసిన ఐడియాప్యాడ్ వేరు, 1992లో ఐబీఎం మొదలుపెట్టగా తరువాత లెనోవో చేతికి వచ్చిన, కార్యాలయాల థింక్‌ప్యాడ్ వేరు. అలాగే హెచ్‌పీలో ఇంటి వాడకపు పెవిలియన్ వేరు, కార్యాలయాల ఎలైట్‌బుక్ వేరు. కార్యాలయాల కోసం చేసిన శ్రేణుల్లో కీబోర్డు, హింజ్ గట్టివి, విడిభాగాలు చాలాకాలం దొరుకుతాయి, విప్పే పద్ధతిని వివరించే సర్వీస్ మాన్యువల్ ఎవరికైనా ఉచితంగా లభిస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు దాని ముందే కూర్చుని, ఐదారేళ్లు వాడదలచినవారు అలాంటి దానికి ఎక్కువ ధర పెట్టడం సబబే. అంత డబ్బు లేనివారికి కొత్త చవక యంత్రం కంటే అదే శ్రేణిలో మూడు నాలుగేళ్లు వాడి బాగుచేసిన యంత్రాన్నే నేను సూచిస్తాను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, దాని ప్రాసెసర్ విండోస్ 11కు పనికొచ్చే ప్రాసెసర్ల అధికారిక జాబితాలో ఉందో లేదో, బ్యాటరీలో ఇంకా ఎంత సామర్థ్యం మిగిలిందో చూసిన తరువాతే డబ్బు చెల్లించాలి.