మంగళాజోడి పక్షుల పడవ: ఇంజను లేకపోవడమే దాని విలువ

చలికాలం మొదలైందంటే బరంపురంలోని తెలుగు ఇళ్లలో చిలికా సరస్సు ప్రయాణాల ప్రస్తావన వస్తుంది. గంజాం జిల్లా వారికి చిలికా అంటే ముందుగా గుర్తొచ్చేది రంభ. ఆ తరువాత ఖుర్దా జిల్లాలోని బార్కుల్. ఈ రేవుల్లో మోటారు పడవ మాట్లాడుకుని, కాళీజాయి అమ్మవారిని దర్శించుకుని, దారిలో ఎదురైన పక్షులను చూసి తిరిగి రావడం చాలామందికి అలవాటు. అయితే పక్షులను చూడడమే పనిగా పెట్టుకున్నవారు జాతీయ రహదారి మీద ఇంకా ఉత్తరంగా సాగి, టాంగి దగ్గర మలుపు తిరిగి, సరస్సు ఉత్తరపు అంచున ఉన్న మంగళాజోడి ఊరికి వెళ్లడమే మేలని నా అభిప్రాయం. బరంపురం నుంచి కారులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం.

మోటారు పడవతో వచ్చే చిక్కు శబ్దం ఒక్కటే కాదు. చిలికా నడుమ ఉన్న నలబణ దీవి 15.53 చదరపు కిలోమీటర్ల పక్షి సంరక్షణ కేంద్రం; వానాకాలంలో నీట మునిగి, నీరు తగ్గాక బయటపడే ఆ బురద నేల మీద శీతకాలంలో లెక్కకు మిక్కిలిగా పక్షులు దిగుతాయి. వాటికి ఇబ్బంది కలగకుండా పడవలు దూరంగానే ఆగాలి కాబట్టి బైనాక్యులర్ లేనివారికి అవి నల్లని చుక్కలుగా మాత్రమే కనిపిస్తాయి. ఇది సబబైన నియమమే. సబబు కానిది వేరే ఉంది. ఒకసారి దక్షిణ తీరంలో మేము కుదుర్చుకున్న ప్రైవేటు పడవ సరంగు, ఫోటోలు బాగా వస్తాయంటూ బాతుల గుంపు మీదికి పడవను నేరుగా పోనిచ్చాడు. పిల్లలు కేరింతలు కొట్టారు, పక్షులన్నీ లేచిపోయాయి, ఆ తరువాత చూడడానికి ఏమీ మిగలలేదు. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటున్న పక్షిని అనవసరంగా ఎగరగొట్టడమంటే దాని తిండిని లాక్కోవడమే.

మంగళాజోడిలో నడిచేవి చదునైన నాటు పడవలు. వెనుక నిలబడిన మనిషి పొడవాటి వెదురు గెడను బురదలో ఆనించి నెడుతుంటే, పడవ నలగడ్డి మధ్యనున్న సన్నని కాలువల గుండా కదులుతుంది. నీరు చాలాచోట్ల మోకాలి లోతు కూడా ఉండదు. మనం కూర్చునేది పక్షి కంటి ఎత్తుకు దగ్గరగా కాబట్టి, కదలకుండా ఉంటే అవి మనల్ని పెద్దగా పట్టించుకోవు. నల్లతోక గాడ్విట్ల గుంపు ఒకటి పడవకు పది పన్నెండు అడుగుల దూరంలో మేస్తుండగా చూశాము. పొడవైన ముక్కును మొదలంటా బురదలో దించి, కుట్టుమిషను సూదిలా గబగబా ఆడిస్తూ, ఏదో దొరకగానే తల వెనక్కి వంచి మింగి, మళ్లీ దించుతాయి. ఆ సమయంలో వాటి కళ్ల వరకు బురదే. పైన గద్దలాంటి వేటపక్షి మార్ష్ హారియర్ నీడ కదలగానే సూదితోక బాతులు, గాడ్విట్లు ఒక్కసారిగా లేచి, అది దాటిపోయాక మళ్లీ అక్కడే వాలాయి.

ఈ యాత్రకు అసలైన బలం గైడ్ల చూపు. ఒకప్పుడు ఈ ఊళ్లో పక్షులను పట్టి అమ్మడం బతుకుదెరువుగా సాగేది. 2000 ప్రాంతంలో వైల్డ్ ఒరిస్సా సంస్థ ప్రోత్సాహంతో శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడిన తరువాత, వేటాడినవారే కాపలాదారులుగా మారారు. ఏ పక్షి ఏ పూట ఏ గడ్డి మొదట్లో ఉంటుందో తెలియడం వారికి పుస్తకాల నుంచి వచ్చిన విద్య కాదు. మా గైడు పడవ ఆపించి, గడ్డి మొదలు వైపు వేలు చూపించి, చాలాసేపు మౌనంగా ఉన్నాడు. పిచ్చుక కన్న కాస్త పెద్దదైన బెయిలన్ క్రేక్ తోక ఆడిస్తూ బయటికి వచ్చేదాకా మాకు అక్కడ ఏమీ కనిపించలేదు. కలువాకుల మీద నడిచే జకానాకు పొడవాటి తోక లేదేమని మా తోడివారు అడిగితే, ఆ తోక వానాకాలంలో గుడ్లు పెట్టే రోజుల్లోనే ఉంటుందని, పిల్లలను సాకేది మగపక్షేనని ఓపికగా వివరించాడు. గైడ్లు ఒడియాలో మాట్లాడతారు, పక్షుల పేర్లు ఇంగ్లీషులో చెబుతారు. బరంపురం వారికి ఇది ఇబ్బందే కాదు; ఇచ్ఛాపురం దాటి వచ్చేవారు హిందీతో నెట్టుకురావచ్చు. శ్రీకాకుళం వారు తేలినీలాపురంలో చింతచెట్ల మీద పెలికాన్లను, ఎర్రకాళ్ల కొంగలను చూసే ఉంటారు. అక్కడ తల పైకెత్తి చూసే పక్షులు, ఇక్కడ ఎదురుగా నీటిలో నిలిచినవి.

లోపాలు లేవని కాదు. పడవలో ఆసనాలు బాగా కిందికి ఉంటాయి, కాళ్లు చాపుకునే చోటు తక్కువ. ఎండ ఎక్కాక నీడ చాలదు కాబట్టి ఉదయం మొదటి పడవే ఎక్కాలి. పదిన్నర దాటితే పక్షులు కూడా గడ్డిలోకి జరుగుతాయి. పడవ ఎక్కాక మరుగుదొడ్డి ప్రసక్తి లేదు, ఆ ఏర్పాటేదో ముందే చూసుకోవాలి. అద్దె తలకు కాక పడవకు తీసుకుంటారు. నలుగురు కలిసి వెళితే భారం అనిపించదు, ఇద్దరే అయితే కాస్త ఎక్కువే. లైఫ్ జాకెట్ ఇస్తే నీరు లోతు లేదని పక్కన పెట్టేయవద్దు, ఆ బురదలో కాలు దిగబడితే పైకి తీయడం కష్టం.

డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు వెళ్లడం ఉత్తమం. కొత్త సంవత్సరపు సెలవులను, ఆదివారాలను తప్పించుకుంటే కాలువల్లో పడవల రద్దీ ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను పడవ ఎక్కించవలసిన పని లేదు; ఊరి నుంచి రేవుకు పోయే కట్ట మీద నడిచినా రెండు వైపులా నత్తగుల్ల కొంగలు, నీలి బొల్లికోళ్లు దగ్గరగానే కనిపిస్తాయి, దానికి టిక్కెట్టు కూడా అక్కరలేదు.