పక్క సీటు జీతం చూపించే సైట్లు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ ముంచుతాయి

అంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్, లెవెల్స్ డాట్ ఎఫ్‌వైఐ. మూడింట్లోనూ దొరికేది ఒకే సరుకు: మనలాంటి పనే చేసేవాడికి ఎంత ఇస్తున్నారన్నది. సర్వీస్ కంపెనీలకి (వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవి) అంబిషన్‌బాక్స్ నయం. లెవెల్స్‌లో బేస్ (స్థిర జీతం), స్టాక్ (కంపెనీ షేర్లు), బోనస్ విడివిడిగా ఉంటాయి కాబట్టి ప్రొడక్ట్ కంపెనీలకి (సొంత సాఫ్ట్‌వేర్ అమ్మేవి) అదే మేలు. గ్లాస్‌డోర్ మాత్రం మన వంతు జీతమో రివ్యూనో రాస్తేగాని గేటు పూర్తిగా తీయదు.

అంకెలన్నీ ఉద్యోగులు ఎక్కించినవే. అందుకని సగటు కంటే ముందు ఎంతమంది రాశారో చూడాలి. అయిదారు ఎంట్రీలే ఉంటే ఒక్క పెద్ద జీతం సగటుని పైకి లాగేస్తుంది.

అసలు బోల్తా పడేది సీటీసీ దగ్గర, అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు దగ్గర. తెరమీద 12 లక్షలు కనబడగానే నెలకి లక్ష అనేసుకుంటారు. అందులో బేసిక్ (మూల జీతం) సగం, వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చే భాగం) 10 శాతం అనుకుని లెక్కేయండి: వేరియబుల్ 1,20,000, కంపెనీ వాటా పీఎఫ్ 72,000, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చేది) 28,860 పక్కకి పోతాయి. నెలకి మిగిలేది 81,595. మన పీఎఫ్ 6,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోను 75,395. పన్ను పడితే అదీ పోతుంది. తెరమీది ఈ 12 లక్షలాయన్ని చూసి, నిజానికి ఆయన కంటే ఎక్కువగా 76 వేలు ఇంటికి తీసుకెళ్ళేవాడు కుళ్ళుకోవడం ఏ ఆఫీసులోనైనా ఉన్నదే!

ఆ కుళ్ళు పనిలోకీ దిగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఉద్యోగులకి తోటివాళ్ళ జీతాలున్న వెబ్‌సైటు సంగతి చెప్పి చూశారు. 2012లో అచ్చయిన ఆ అధ్యయనంలో, తమ విభాగం మధ్యస్థ జీతానికి కింద ఉన్నవాళ్ళలో అసంతృప్తి, వేరే ఉద్యోగం చూసుకోవాలన్న ఆలోచన పెరిగాయి. పైన ఉన్నవాళ్ళలో కొత్తగా సంతోషమేమీ రాలేదు. ఒడిశాలో కూలీల మీద చేసిన ప్రయోగం (2018) ఇంకా సూటిగా ఉంటుంది: ఒకే జట్టులో కూలి తేడాగా ఇస్తే పని తగ్గింది, హాజరు 18 శాతం పాయింట్లు పడిపోయింది. ఎవరెంత పని చేస్తున్నారో కళ్ళకి కనబడేచోట మాత్రం ఆ గొడవ లేదు.

ఈ సైట్లు జీతం చూపిస్తాయి, దాని వెనక పని చూపించవు. ఆఫర్ చేతిలో ఉండి బేరమాడేవాళ్ళకి పనికొచ్చే లెక్కన వీటికి 5కి 4 మార్కులు ఇస్తాం. హైక్ లెటర్ వచ్చిన వారం చూసేవాళ్ళకి 1. అప్పుడు స్క్రీన్‌షాట్ పట్టుకుని మేనేజర్ దగ్గరకి వెళ్తే "ఆ అంకెలు తప్పు" అన్న ఒక్క ముక్కతో తేల్చేస్తారు. దాని బదులు మీ బ్యాండ్ (మీ స్థాయికి కంపెనీ పెట్టుకున్న జీతాల హద్దు) కనిష్ఠం, గరిష్ఠం ఎంత, అందులో మీరెక్కడ, పై మెట్టుకి ఏం చేసి చూపించాలి అని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.