జానెడు బోర్డు కోసం నూరు కిలోమీటర్లు

మా మేనకోడలికి చిన్న కంప్యూటర్ కావాలి. ధరలోనూ చిన్నదే, సైజులోనూ చిన్నదే. వచ్చే ఏడాది హైదరాబాద్ హాస్టల్‌కు పోతే బస్సులో ఒళ్లో పెట్టుకొని తీసుకుపోవాలట. మినీ ఐటీఎక్స్ అనే మదర్‌బోర్డు, అంటే ప్రాసెసర్, ర్యామ్ బిగించే అసలు పలక, ఉంటుందని, నిడివి, వెడల్పు 170 మిల్లీమీటర్లేనని వారం రోజులు నా చెవిలో పోరింది. అంటే జానెడు కూడా లేదన్నమాట.

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర తెలిసిన దుకాణంలో అడిగితే ఇంటెల్ ప్రాసెసర్లకు సరిపోయే హెచ్610 బోర్డు ఒకే ఒక్కటి చూపించాడు, అదీ మైక్రో ఏటీఎక్స్ అనే పెద్ద సైజుది. "చిన్నది ఇక్కడ ఎవరు కొంటరన్నా? తెప్పిస్త గానీ అడ్వాన్స్ ఇయ్యాలె" అన్నాడు. సరే, సీటీసీకే పోదామనుకున్నాం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ అట్లే అంటారు.

పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ బస్సు. మహాలక్ష్మి పుణ్యమా అని పిల్లకు జీరో టికెట్, నాకేమో చిల్లర కోసం కండక్టర్‌తో పంచాయితీ. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి ఎల్బీనగర్‌లో దిగిపోయాం. అక్కడ మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్‌కు మారితే పరేడ్ గ్రౌండ్ దాకా చల్లగా పోవచ్చు. అదే బస్సులో కూర్చుంటే మలక్‌పేట ట్రాఫిక్‌లోనే సగం పొద్దు పోయేది.

సీటీసీలో మొదట ఎక్కిన దుకాణం పెద్దది. మేము అడిగిన వాటిలో అన్నిటికన్నా తక్కువ రేటు చెప్పింది కూడా వాళ్లే. కానీ డబ్బా విప్పి చూపించమంటే ఒప్పుకోలేదు. "సీల్ తీస్తే మీదే సార్" అని ఒకటే మాట. ఇది చిన్న విషయం కాదు. హెచ్610 లాంటి బోర్డుల్లో ప్రాసెసర్ కూర్చునే ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో వెంట్రుకల్లాంటి 1700 పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. అందులో ఒకటి వంగి ఉంటే, అది డబ్బాలోనే వంగిందా మన చేతిలో వంగిందా అని రుజువు చేసేదెవరు? హైదరాబాద్‌లో ఉండేవాడైతే మర్నాడు వచ్చి కొట్లాడొచ్చు. మాకు కొట్లాటకు కూడా రానూపోనూ రెండు వందల కిలోమీటర్లు.

పై అంతస్తులో ఒక ఇరుకు దుకాణం. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సిందే. ఆ దుకాణమాయన మాత్రం ఏఎండీ ప్రాసెసర్లకు సరిపోయే రెండు ఏ520 బోర్డులను, ఒక మినీ ఐటీఎక్స్, ఒక మైక్రో ఏటీఎక్స్, బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. చిన్నది ముద్దుగానే ఉంది. దాంట్లో వైఫై ఉంది, పెద్దదాంట్లో లేదు. ర్యామ్ స్లాట్లు రెండింటికీ రెండేసే. కానీ రేటు అడిగితే చిన్నది దాదాపు రెట్టింపు! "సైజు తగ్గితే రేటు పెరుగుతది తల్లీ" అని ఆయన నవ్వాడు. పిల్ల ముఖం మాడిపోయింది.

అసలు ఖర్చు అక్కడితో ఆగదు. బోర్డును పెట్టే డబ్బాను క్యాబినెట్ అంటారు. మరీ చిన్న క్యాబినెట్లలో మామూలు ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటు అందించే పెట్టె, పట్టదు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజుది వేయాలి. ఫ్యాన్ కూడా పొట్టిది వెతకాలి. పైగా మే నెలలో మా నల్గొండ ఎండకు మనుషులే ఉడికిపోతారు, అగ్గిపెట్టెలాంటి డబ్బాలో ప్రాసెసర్ ఏం బతుకుతుంది? మైక్రో ఏటీఎక్స్ నిండు కొలత 244 మిల్లీమీటర్లు, చౌక బోర్డులు అంతకన్నా సన్నగానే వస్తాయి. చిన్న క్యాబినెట్‌లో పెడితే ఒళ్లో కాకపోయినా కాళ్ల దగ్గర పడుతుంది. అది విన్నాకే పిల్ల మెత్తబడింది.

ఇక ప్రాసెసర్ సంగతి. హెచ్610 మీద ఇంటెల్ ఐ3 12100 కూడా మంచిదే. ముందుముందు గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లకు నేనైతే అదే చెబుతాను. మాకు ఆ ఆలోచన లేదు కాబట్టి ఆరు కోర్ల ఏఎండీ రైజెన్ 5 5600జీ తీసుకున్నాం. దాంట్లో ఉన్న గ్రాఫిక్సే చాలు, కాకపోతే ర్యామ్ ఒకే ముక్క కాకుండా రెండు ముక్కలు వేయాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఏ520 బోర్డులు 2020లో వచ్చాయి, ఈ ప్రాసెసర్ 2021లో దుకాణాలకు చేరింది. పాత స్టాకు బోర్డయితే బయోస్, అంటే బోర్డును లేపే ప్రోగ్రామ్, మార్చకుండా తెర వెలగకపోవచ్చు. ఆయన అడగకముందే ప్రాసెసర్ బిగించి, తెర వెలిగించి చూపించాడు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాశాడు. మొదటి దుకాణం కన్నా మూడు వందలు ఎక్కువైంది, ఇచ్చేశాను.

ఈ బోర్డు కొన్నది రెండో రోజు ముచ్చట. మొదటి రోజు తిరగడంతోనే చీకటి పడింది. స్టేషన్ దగ్గర లాడ్జిలో రెండు గదులు తీసుకొని పడుకున్నాం. లిఫ్టు లేదు, రాత్రంతా హారన్లు. ఈసారి వనస్థలిపురంలో మా చిన్నమ్మ ఇంటికే పోతాను, మాటలు పడ్డా సరే.

క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ మాత్రం నల్గొండ దుకాణంలోనే కొన్నాను. కరెంటు ఎక్కువ తక్కువైతే ముందు పోయేది ఎస్‌ఎంపీఎస్సే, అది పట్టుకొని సికింద్రాబాద్ పోలేను. అతనే బిగిస్తూ, "అన్నా, వెనక రేకు ఏది?" అన్నాడు. యూఎస్‌బీ, తెర వైర్లు పెట్టే చోట క్యాబినెట్‌కు బిగించే రేకు ముక్క. టెస్టింగ్ హడావుడిలో అది సీటీసీ బల్ల మీదే ఉండిపోయింది.

ఫోన్ చేస్తే ఆయన విసుక్కోలేదు. రేకును అట్టలో చుట్టి ఆర్టీసీ పార్శిల్‌లో వేశాడు. మర్నాడు సాయంత్రం బస్టాండ్ పార్శిల్ కౌంటర్‌లో తీసుకున్నాను. కౌంటర్ అతను దాన్ని అటూ ఇటూ ఊపి, "లోపల ఏమన్న ఉన్నదా సార్?" అని అడిగాడు.